ఎరువు కుళ్ళదు, మాగుతుంది: ఇంటి కంపోస్ట్ మీద అపోహలు, వాస్తవాలు

కొత్తగా కంపోస్ట్ మొదలుపెట్టినవాళ్లు నాకు ఎక్కువగా రెండో వారంలోనో మూడో వారంలోనో ఫోన్ చేస్తారు. "డబ్బా మూత తీయలేకపోతున్నామండీ, కంపు కొడుతోంది" అంటారు. చాలామంది అక్కడితో మానేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. నాలుగు దోసిళ్ల ఎండుటాకులు వేసి ఒకసారి కలియబెడితే మర్నాటికే తేడా తెలిసే దశ అది.

అపోహ: కంపోస్ట్ అంటే చెత్తను కుళ్ళబెట్టడం, కాబట్టి వాసన తప్పదు.

దీనికి జవాబు మన మాటల్లోనే ఉంది. కూరగాయ కుళ్ళిందంటాం, ఎరువు మాగిందంటాం. ఈ రెంటికీ తేడా గాలి. గాలి ఆడే కుప్పలో సూక్ష్మజీవులు చెత్తను తిని కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వదులుతాయి. మిగిలేది మట్టి వాసన వేసే నల్లటి పొడి. గాలి ఆడకపోతే వేరే రకం బ్యాక్టీరియా పెరుగుతాయి. పుల్లటి వాసన వేసే ఆమ్లాలు, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాటి నుంచి వచ్చేవే.

గాలిని అడ్డుకునేది చాలాసార్లు నీరే. కూరగాయల తొక్కల్లో 80 నుంచి 90 శాతం నీళ్లుంటాయి. మూడు రోజులకు అవి మెత్తబడి, అడుగున అణిగి, సందులన్నీ పూడ్చేస్తాయి. కుప్పలో తేమ 50 నుంచి 60 శాతం ఉంటే చాలు. కొలవడానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే ఎండుటాకులు కలపండి, చేతికి తడే అంటకపోతే కాసిని నీళ్లు చల్లండి.

ఎండుటాకులు తడి పీల్చడమే కాదు, కర్బనం కూడా ఇస్తాయి. నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉన్నప్పుడు సూక్ష్మజీవులు బాగా పనిచేస్తాయి. వంటింటి తొక్కల్లో కర్బనం సుమారు 15 నుంచి 20 పాళ్లే. ఎండుటాకుల్లో 50 దాటుతుంది, రంపపు పొట్టులో వందల్లో ఉంటుంది. ఈ లెక్కలు గుర్తుండకపోతే గిన్నె తొక్కలకు రెండు మూడు గిన్నెల నలిపిన ఆకులు వేయండి. రంపపు పొట్టయితే అంత వేయకండి, పని మందగిస్తుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు నేను ముందు చెప్పేది ఒకటే: డబ్బా కంటే ముందు ఒక గోనెసంచి నిండా ఎండుటాకులు సిద్ధం చేసుకోండి. ఆకులు దొరక్కపోతే చింపిన అట్టముక్కలైనా సరే.

ఏ వాసన వస్తోందో కూడా గమనించండి. కుళ్ళిన గుడ్డు వాసనైతే గాలి లేదని. ముక్కు మండించే అమ్మోనియా ఘాటైతే నత్రజని ఎక్కువై, మొక్కకు అందాల్సిన సత్తువ గాల్లో కలిసిపోతోందని. అప్పుడు సున్నమో బూడిదో చల్లితే వాసన పోతుందనుకుంటారు. అవి క్షారాలు కాబట్టి అమ్మోనియాను ఇంకా వేగంగా వెళ్లగొడతాయి.

అపోహ: కల్చర్ పొడి (సూక్ష్మజీవులు కలిపి అమ్మే పొడి) కొనకపోతే కంపోస్ట్ మొదలవదు.

కావలసిన సూక్ష్మజీవులు తొక్కల మీద, ఆకుల మీద, తోట మట్టిలో ముందే ఉన్నాయి. తోడు కావాలంటే పాత కంపోస్ట్ ఒక గుప్పెడు చాలు. పొడి వాడితే తప్పులేదు కానీ, నీరు నిండిన డబ్బాను అది బాగుచేయలేదు.

అపోహ: డబ్బాను ఎండలో పెడితేనే వేడెక్కి త్వరగా తయారవుతుంది.

కుప్పలో వేడి సూక్ష్మజీవులు తినే క్రమంలో లోపలే పుడుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న కుప్ప నడిమధ్యన 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వరకు వెళ్లగలదు. చల్లటి ఉదయాన తిరగేస్తే ఆవిరి లేస్తుంది. ఎన్నేళ్లు చేసినా నాకు ఆ ఆవిరి చూడటం సంబరమే. చిన్న బకెట్‌లో పుట్టిన వేడి అంచుల్లోంచి పోతుంది, అందుకే అది గోరువెచ్చగానే ఉంటుంది. అలాగని చెడినట్టు కాదు, నెలలు ఎక్కువ పడతాయంతే. ఎండలో పెడితే మాత్రం పైపొర ఎండిపోయి పని ఆగిపోతుంది, నీడే మేలు. బకెట్ వేడికి కలుపు విత్తనాలు, తెగుళ్ల క్రిములు చావవు కాబట్టి విత్తనం పట్టిన కలుపు, జబ్బు మొక్కలు అందులో వేయకండి. కుక్క, పిల్లి మలం అసలే వద్దు.

అపోహ: నిమ్మ, ఉల్లి తొక్కలు వేయకూడదు.

ఈ జాగ్రత్త వానపాములతో చేసే ఎరువుకు సంబంధించింది. మామూలు కుప్పలో చిన్న ముక్కలు చేసి వేయండి, ఇబ్బంది లేదు.

అపోహ: పురుగులు కనిపిస్తే అంతా పారబోయాలి.

బూడిద రంగులో, బల్లపరుపుగా, గట్టి చర్మంతో ఉంటే అవి చాలావరకు బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లపురుగులు. తొక్కలను ఆత్రంగా తిని మీ పని తగ్గిస్తాయి. ఇవి ఎదిగి ఈగలయ్యాక కూడా కుట్టవు, మామూలు ఈగల్లా ఆహారం మీద ముసరవు. మెత్తటి తెల్ల పురుగులైతే మామూలు ఈగలవి. తొక్కలు పైకి తేలి ఉండటం వల్ల గుడ్లు పెట్టాయి. తొక్కలు వేసిన ప్రతిసారీ రెండంగుళాల మందాన ఆకులు కప్పండి.

అపోహ: నల్లబడితే తయారైనట్టే.

ఈ తప్పు నేనూ చేశాను. మొదటి ఏడాది రంగు చూసి తొందరపడి, సగం మాగినదాన్ని టమాటా నారుకు వేశాను. వారం తిరగకుండా ఆకులు పసుపెక్కాయి. అందులో కర్బనం ఇంకా మిగిలి ఉండటంతో సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కున్నాయి, నారుకు అందలేదు. అప్పటినుంచి పరీక్షించకుండా వాడలేదు. గుప్పెడు తడి కంపోస్ట్‌ను ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టి మూడు రోజులుంచండి. విప్పగానే పుల్లటి వాసనో ఘాటో వస్తే ఇంకా మాగాలి. వాన పడిన నేల వాసన వస్తే జల్లించండి. మిగిలిన పుల్లలు, గుడ్డు పెంకులు మళ్లీ కొత్త కుప్పలోకే. పెంకులు ఏళ్లతరబడి అలాగే ఉండిపోతాయి, పొడి కొట్టి వేస్తేనే కాస్త ఉపయోగం.

అపోహ: కుండీ నిండా కంపోస్టే నింపితే మొక్క ఇంకా బాగా పెరుగుతుంది.

వట్టి కంపోస్ట్ కుండీలో కుంగిపోతుంది, లవణాలు ఎక్కువై లేత వేర్లను దెబ్బతీస్తుంది. కుండీ మిశ్రమంలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు చాలు. నాటేసిన మొక్కలకైతే కాండానికి ఆనకుండా చుట్టూ అంగుళం మందాన పరిచి నీళ్లు పోయండి.