ఫిష్ ట్యాంకులో నీళ్లెన్ని? అపోహలు, వాస్తవాలు

చేపల ఒంటి మీద తెల్ల చుక్కలు కనిపిస్తే చాలు, "ఏం మందు వెయ్యాలన్నా?" అని ఫోన్ చేస్తారు. కర్నూలులో ఇళ్లకూ క్లినిక్కులకూ ఫిష్ ట్యాంకులు పెట్టి, వాటి బాగోగులు చూసుకోవడం నా పని. మందు పేరు చెప్పే ముందు నేను ఎదురడిగేది ఒకటే: ట్యాంకులో ఎన్ని లీటర్ల నీళ్లున్నాయి? "రెండడుగులది", "మీడియం సైజు", "నాలుగు బిందెలు పట్టినట్టుంది" అంటారు. లీటర్లలో చెప్పేవాళ్లు అరుదు. మందైనా, ఉప్పైనా, క్లోరిన్ పోగొట్టే చుక్కలైనా లీటర్ల లెక్కనే వెయ్యాలి మరి.

అపోహ: షాపులో 57 లీటర్ల ట్యాంకన్నారు, కాబట్టి అందులో 57 లీటర్ల నీళ్లుంటాయి.

వాస్తవం: ఉండవు. 41 ఉంటే గొప్ప. ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే రెండడుగుల ట్యాంకునే తీసుకుందాం. పొడవు 61 సెం.మీ., వెడల్పు 30.5, ఎత్తు 30.5. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే దాదాపు 57 లీటర్లు వస్తుంది. షాపువాళ్ల లెక్క అంతటితో ఆగిపోతుంది. కానీ అది బయటి కొలత. అద్దం 5 ఎంఎం మందం ఉంటే లోపలి కొలతలు 60, 29.5, 30. అప్పుడే 53కి దిగింది. అంచుదాకా ఎవరూ నింపరు, పైన ఓ 4 సెం.మీ. వదిలేస్తాం. 46 అయింది. అడుగున 5 సెం.మీ. గులకరాళ్లు పోశారనుకోండి. రాళ్ల సందుల్లో నీళ్లు ఎలాగూ ఉంటాయి, అది సుమారు నలభై శాతం. మిగతా చోటు రాళ్లది, అంటే 5 లీటర్ల పైచిలుకు. చివరికి మిగిలింది 41. బొమ్మలు, కోటలు, నిధి పెట్టెలు పెడితే ఇంకా తగ్గుతుంది.

57కి లెక్కగట్టిన మందు 41 లీటర్లలో పడితే మోతాదు నలభై శాతం ఎక్కువైనట్టు. గప్పీలు తట్టుకుంటాయేమో గానీ, మలకైట్ గ్రీన్ (తెల్ల చుక్కల మందుల్లో వాడే రసాయనం) ఉన్న మందుకు నియాన్ టెట్రాలు, పొలుసులు లేనట్టే ఉండే లోచ్‌లు తట్టుకోవు. వాటికి సగం మోతాదే వాడమంటారు. "మందు వేశాకే చచ్చిపోయాయన్నా, మందే డూప్లికేటు" అనేవాళ్లలో చాలామందికి తేడా కొట్టింది ఈ లెక్క దగ్గరే అని నా నమ్మకం.

అపోహ: చేపలున్న ట్యాంకు ఖాళీ చేసి కొలవలేం కాబట్టి అంచనాతో సరిపెట్టుకోవాలి.

వాస్తవం: ఖాళీ చెయ్యక్కర్లేదు. నీళ్లు మార్చే రోజు పది నిమిషాలు కేటాయిస్తే చాలు. ముందు ఒక బకెట్‌లో లీటరు సీసాతో పదిసార్లు నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకోండి. బకెట్ మీద 20 లీటర్లని అచ్చు వేసి ఉన్నా నమ్మొద్దు, అది అంచుదాకా నింపితే వచ్చే లెక్క. బిందెల సంగతి సరేసరి, ఏ ఇంటి బిందె సైజు ఆ ఇంటిదే.

తర్వాత ట్యాంకు పక్క అద్దానికి నిలువుగా పేపర్ టేపు ఒకటి అంటించండి. ఇప్పుడున్న నీటిమట్టం దగ్గర గీత. పైపుతో ట్యాంకులోంచి నీళ్లు లాగి, బకెట్‌ను దాని గీత దాకా నింపండి. మట్టం ఎక్కడికి దిగిందో అక్కడ ఇంకో గీత. మనం చెప్పుకున్న రెండడుగుల ట్యాంకులో ఒక్కో సెంటీమీటరుకు 1.77 లీటర్లు పోతాయి, అంటే పది లీటర్లకు 5.6 సెం.మీ. దిగాలి. మీ ట్యాంకులో 6 దిగిందా? ఆ తేడా మీ బొమ్మలు మింగిన చోటు. అప్పుడు మీ సెంటీమీటరు విలువ 1.67 లీటర్లు. దాన్ని గులకరాళ్ల పైనున్న నీటి ఎత్తుతో గుణించి, రాళ్ల సందుల్లోని నీళ్లు మూడున్నర లీటర్లు కలపండి. ఏ సూత్రం కన్నా ఇదే నికరం. వచ్చిన అంకెను ఆ టేపు మీదే రాసి పెట్టండి.

కొత్త ట్యాంకైతే ఇంకా సులువు. రాళ్లూ బొమ్మలూ సర్దేశాక, నీళ్లు పోసేటప్పుడే లెక్కపెట్టుకోవడమే. ఇంట్లో 20 లీటర్ల ఖాళీ వాటర్ క్యాన్ ఉంటే దాంతో కొలవండి. ప్లాంటు నీళ్లే మంచివని క్యాన్లకు క్యాన్లు పోసేవాళ్లున్నారు, అది వద్దు. చేపలకు కావాల్సిన లవణాలు ఆర్ఓ నీళ్లలో మిగలవు.

అపోహ: నాలుగడుగుల ట్యాంకులో రెండడుగులదానికి రెట్టింపు నీళ్లు.

వాస్తవం: పొడవు ఒక్కటే పెరిగితే అంతే. కానీ నాలుగడుగులది వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున వస్తుంది. 48, 18, 18 అంగుళాలు గుణించి 61తో భాగించండి (అంగుళాల్లో కొలిస్తే భాగించాల్సింది 61తోనే). 255 లీటర్లు, అంటే నాలుగున్నర రెట్లు. లీటరు నీళ్లు కిలో బరువు. అద్దం, గులకరాళ్లు వేరే. గోడలోంచి వచ్చిన కడప బండ అర మీద దీన్ని పెట్టమని అడిగితే నేను పెట్టను. ఎంత పాత ఇల్లైనా, ఎంత మందం బండైనా సరే.

అపోహ: నాలుగు రాళ్లు వేస్తే ఎంత చోటు తింటాయిలే.

వాస్తవం: బేతంచెర్ల బండ ముక్కలు ఐదు కిలోలు పేరిస్తే దాదాపు రెండు లీటర్ల చోటు పోతుంది. అనుమానముంటే నిండు బకెట్‌లో ముంచి, పొర్లిన నీళ్లు కొలవండి. చోటు కన్నా పెద్ద తంటా ఇంకోటుంది. అది సున్నపురాయి. మెల్లగా కరిగి నీటి గట్టిదనాన్ని, అంటే అందులోని సున్నం లాంటి లవణాలను, పెంచుతుంది. మన బోరు నీళ్లు అసలే గట్టివి. మోలీలకు, గప్పీలకు ఫర్వాలేదు, టెట్రాలకు మాత్రం కష్టం. రాయి మీద నిమ్మరసం పిండినప్పుడు బుడగలొస్తే అది సున్నపురాయే.

అపోహ: ఎండాకాలం తగ్గిన నీళ్లు నింపుకుంటూ పోతే నీళ్లు మార్చినట్టే.

వాస్తవం: మే నెలలో మట్టం రోజురోజుకూ దిగిపోతుంది. ఆవిరయ్యేది నీళ్లే, అందులోని ఉప్పులు అక్కడే ఉంటాయి. పైన బోరు నీళ్లు పోస్తే కొత్త ఉప్పులు వచ్చి చేరతాయి. కాబట్టి వైద్యానికి లీటరుకు 2 గ్రాముల ఉప్పు వేసి ఉంటే, ఆవిరై తగ్గిన నీటికి మళ్లీ ఉప్పు కలపొద్దు. మీరు పైపుతో తోడేసిన నీటికి మాత్రమే కలపాలి. మందు వేసే రోజు ముందు మట్టాన్ని పాత గీతకు తెచ్చుకోండి.

అపోహ: గాలన్ అంటే గాలనే కదా.

వాస్తవం: అమెరికా గాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గాలన్ 4.546. మోతాదు గాలన్లలో రాసిన మందు సీసా అమెరికాదైతే లెక్క మొదటిదే. ఇంచు చేపకు గాలన్ నీళ్లు చాలన్న సూత్రం కూడా సన్నటి చిన్న చేపల వరకే. అడుగు దాకా పెరిగే ఆస్కార్‌కూ, గోల్డ్‌ఫిష్‌కూ అది పనికిరాదు.

అపోహ: గుండ్రటి బౌల్ చిన్నగా కనిపిస్తుంది గానీ బాగానే పడుతుంది.

వాస్తవం: అడ్డంగా 30 సెం.మీ. ఉన్న బౌల్ పూర్తి గోళమైనా పట్టేది 14 లీటర్లు. ముప్పావు ఎత్తుకు నింపితే 12. దీనికి సూత్రాలెందుకు, లీటరు సీసాతో పోసి లెక్కపెట్టండి.

అపోహ: హీటర్ ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: లీటరుకు ఒక వాట్ చాలు. కర్నూలులో దాని అవసరం పడేది డిసెంబర్, జనవరి రాత్రుల్లోనే. 41 లీటర్లకు 50 వాట్లది తీసుకోండి. 200 వాట్లది థర్మోస్టాట్ పాడై ఆగకుండా పనిచేసిందంటే, తెల్లారేసరికి చేపలు ఉడికిపోతాయి.