పాత ఇనుముతో బొమ్మలు: అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో పాత ఇనుము కొట్టు ఆయన నన్ను చూడగానే తక్కెడ పక్కన పెడతాడు. ఒక్క తాళం కోసం గంటసేపు గోతాలు తిరగేసే మనిషినని ఆయనకు తెలుసు. పాత సామాన్లు కలిపి బొమ్మలు చేయడం నాకు ఎవరూ నేర్పలేదు. చేసి, చెడగొట్టి తెలుసుకున్నవి ఇవి.

అపోహ: దొరికిందల్లా అతికిస్తే బొమ్మ అవుతుంది.

తెచ్చిన పది వస్తువుల్లో ఒకటి పనికొస్తే గొప్ప. మార్కాపురం పలక ఒకటి చాలాకాలంగా నా గోడకు ఆని ఉంది. ఏ పిల్లవాడో మేకుతో గీసిన ‘అ’ కడిగినా పోలేదు. దాని పక్కన గొళ్లెం పెట్టాను, గడియారం ముల్లు పెట్టాను, రెండూ తీసేశాను. ఆ అక్షరం ముందు ఏదీ నిలవలేదు.

అపోహ: మంచి జిగురుంటే చాలు.

నేను ఎక్కువ దెబ్బతిన్నది ఇక్కడే. కొత్తపట్నంలో విప్పేసిన పడవ చెక్క మీది నీలం రంగు చూసి మురిసిపోయి, అలాగే వార్నిష్ పూశాను. చెక్కలో దాగిన సముద్రపు ఉప్పు తేమను పీల్చుకుంటుంది. వానలు పడగానే మేకుల చుట్టూ వార్నిష్ పొక్కి ఎర్రటి చారలు దిగాయి. ఇప్పుడు చెక్కను మంచినీళ్లలో, నీళ్లు మారుస్తూ రోజుల తరబడి నానబెట్టి నీడలో ఆరబెడతాను. పాత రంగును మాత్రం పొడిగా గీకకండి, అందులో సీసం ఉండవచ్చు. ఇక జిగురు: చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, ఇనుము అలా కాదు. ఆ లాగుడుకు ఎపాక్సీ లాంటి గట్టి జిగురు కూడా ఊడుతుంది. బరువైనదాన్ని వెనక నుంచి స్క్రూతో బిగిస్తాను.

అపోహ: కళాశాలలో చదవాలి.

పారేసిన వస్తువులతో చండీగఢ్‌లో రాక్ గార్డెన్ అనే బొమ్మల తోట కట్టిన నేక్ చంద్ రోడ్ల ఇన్‌స్పెక్టరు. ఇంతకంటే చెప్పేదేముంది?

అపోహ: చిత్రకారుడు పికాసోలా సైకిల్ సీటు, హ్యాండిల్ కలిపితే ఎద్దు తల వచ్చేస్తుంది.

1942లో ఆయనకు వచ్చింది. ఒంగోలులో అందరూ నన్ను గిత్తనే చేయమంటారు. మన గిత్త కొమ్ములు పొట్టివి, హ్యాండిల్ కుదరదు. పైగా మూపురం కావాలి. మొన్న కొట్టు ఆయన పాత మోటారుసైకిల్ ట్యాంకు దాచి ఇచ్చాడు. బిగించి, దూరం వెళ్లి చూశాను. గిత్త మీద ట్యాంకు పెట్టినట్టే ఉంది. మర్నాడు తిరిగి ఇచ్చేశాను.