గోయా ఎద్దు ఎవరి తరఫు సాక్షి?

స్పెయిన్ సాంస్కృతిక శాఖ ఏటా ఇస్తూ వచ్చిన జాతీయ బుల్‌ఫైటింగ్ పురస్కారం విలువ 30 వేల యూరోలు. దాన్ని రద్దు చేస్తున్నట్టు 2024 మేలో ఆ శాఖే ప్రకటించింది. ఇలాంటి సందర్భం వచ్చినప్పుడల్లా అభిమానులు చెప్పే మాట ఒకటుంది: చిత్రకారులు గోయా, పికాసో, కవి లోర్కా అంతటివాళ్లకు ప్రేరణ ఇచ్చినది సంస్కృతి కాక మరేమిటి?

ప్రేరణ ఇచ్చిన మాట నిజమే. అయితే వాళ్లు చూసినదేమిటో మనమూ చూడాలి.

గోయా 1816లో 'లా తౌరోమాకియా' పేరుతో 33 ఎచింగులు (లోహపు రేకుమీద గీసి అచ్చువేసిన చిత్రాలు) వెలువరించాడు. వాటిలో 21వది నన్ను వదలదు. ఎద్దు బరి దాటి ప్రేక్షకుల మెట్లమీదికి వచ్చేసింది. జనమంతా ఒకరిమీద ఒకరు పడుతూ కుడివైపు కుప్పగా ఉన్నారు. మిగతా మెట్లు బోసిపోయాయి. ఎద్దు మాత్రం కదలకుండా నిలబడి ఉంది, కొమ్ములమీద టోరెహోన్ అనే ఊరి మేయరు శవం వేలాడుతోంది. మాడ్రిడ్‌లో నిజంగా జరిగిన ఘటన ఇది. వరుసలో చివరి చిత్రం బుల్‌ఫైటర్ పేపె ఇల్యో మరణం. పోరాడే పద్ధతులు వివరించే పుస్తకం 1796లో అతని పేరుతోనే వెలువడింది. 1801లో మాడ్రిడ్ బరిలోనే ఎద్దు అతన్ని కుమ్మి చంపింది.

లోర్కా రాసినదీ పొగడ్త కాదు, విలాపం. 1934లో ఎద్దు పొడిచి చనిపోయిన మిత్రుడు, బుల్‌ఫైటర్ ఇగ్నాసియో సాంచెస్ మెహియాస్ కోసం ఏడ్చిన ఏడుపు.

పికాసో దగ్గరికి వస్తే, నాకు ఎద్దు కంటే గుర్రమే ముందు కనిపిస్తుంది. బల్లెం పట్టిన పికడోర్ గుర్రంమీద కూర్చుని ఎద్దును పొడుస్తాడు, ఎద్దు గుర్రం పొట్ట చీలుస్తుంది. గుర్రానికి మందపాటి మెత్త కవచం తప్పనిసరి చేసింది 1928లో. 1881లో మలగాలో పుట్టిన పికాసో బాల్యమంతా అంతకు ముందుదే. పేగులు బయటపడ్డ గుర్రాలను అతను పదేపదే గీశాడు. 1937 నాటి 'గెర్నికా' నడుమ, ఒంట్లో బల్లెం దిగి నోరు తెరిచి అరుస్తున్న గుర్రాన్ని చూసినప్పుడు నాకు ఆ బరే గుర్తొస్తుంది.

నిషేధాలూ కొత్తవి కావు. 1567లో పోప్ ఐదవ పయస్, 1805లో రాజు నాలుగవ కార్లోస్ నిషేధించారు. ఏదీ నిలవలేదు. స్పెయిన్‌లోని కటలోనియా ప్రాంత శాసనసభ 2010లో చేసిన నిషేధం 2012 నుంచి అమల్లోకి వచ్చింది. ఈలోగా 2013లో స్పెయిన్ పార్లమెంటు బుల్‌ఫైటింగ్‌ను సాంస్కృతిక వారసత్వంగా గుర్తిస్తూ చట్టం చేసింది. 'సంస్కృతి' అన్న మాటకు చట్టబలం వచ్చింది అక్కడే. ఉమ్మడి సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే కేంద్రం అధికారంలోకి కటలోనియా చొరబడిందంటూ 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది.

తీర్పు వచ్చినా కటలోనియా రాజధాని బార్సిలోనాలోని మోన్యుమెంటల్ బరిలోకి ఎద్దులు తిరిగి రాలేదు. అక్కడ చివరి పోరు 2011 సెప్టెంబరు 25న జరిగింది.