పాము మేజోడు విప్పే వేళ

చిట్టీ, బుజ్జీ,

"తాతయ్యా, మన పాము కళ్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి, గుడ్డిదైపోతుందా?" అని రాశారు. చదువుతుంటేనే మీ టెన్షన్ తెలిసింది. భయం లేదు, అది కుబుసం విడవబోతోంది. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం ఊరుతుంది. అందుకే ఒళ్లు మసకగా, కళ్లు నీలితెలుపుగా ఉంటాయి. కొద్దిరోజుల్లో కళ్లు మళ్లీ తేటపడతాయి. ఆ తర్వాత కుబుసం ఊడుతుంది. అప్పటిదాకా దాన్ని ఎత్తుకోకండి. చూపు ఆనక బెదిరి కరవచ్చు.

మీరు మేజోడు ఎలా విప్పుతారు? అంచు పట్టి లాగితే లోపలివైపు బయటికి తిరగబడి వస్తుంది కదా. పాము కూడా అంతే. ముక్కును గరుకుగా ఉన్నదానికి రాసి, అక్కణ్ణుంచి తోకదాకా తిరగేస్తూ పాకిపోతుంది. చిన్నప్పుడు నాకు రాళ్ల సందులో నిండు కుబుసం ఒకటి దొరికింది. నోట్‌బుక్‌లో దాచుకుని నెలల తరబడి చూసుకున్నాను. కళ్ల దగ్గర గాజుబిళ్లల్లాంటి రెండు పొరలు! పాముకు రెప్పలుండవు, కంటిని కాపాడేది ఆ పొలుసే. అదీ కుబుసంతోపాటే ఊడివస్తుంది.

గాలిలో తేమ చాలకపోతే ఈ మేజోడు ముక్కలుగా చిరుగుతుంది. మేజోడు రబ్బరు బిగుతైతే మీ పిక్కమీద గాడి పడదూ? తోక చివర కుబుసం ఉంగరంలా మిగిలిపోయినా అలాగే బిగుసుకుంటుంది. రక్తం అందక ఆ చివర ఎండి రాలిపోవచ్చు కూడా. గోటితో పీకకండి. తల పైకెత్తి ఉంచుకోగలిగేంత తక్కువ గోరువెచ్చని నీళ్లలో ఓ 20 నిమిషాలు ఉంచాలి. అంతసేపూ పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. తర్వాత తడి తువ్వాలు మడతల్లోంచి పాకనివ్వండి. కంటిపొర మిగిలితే మాత్రం ముట్టుకోవద్దు, అది డాక్టరు పని.

అలాగని గూడంతా తడిపేయకండి. ఒక వానాకాలం నేను తడి మేజోళ్లతోనే తిరిగితే వేళ్ల సందుల్లో పుండ్లు పడ్డాయి. మురికి తడిలో రోజుల తరబడి పడుకున్న పాముకు పొట్ట పొలుసులు ఎర్రబడి, బొబ్బలెక్కి, కుళ్లుతాయి. తేమ గాలిలో ఉండాలి గానీ పొట్టకింద తడి నిలవకూడదు.

మేజోట్లో ఇసుక పడితే ఎంత చిరాకు! పాముకు ఆ ఇసుకలాంటివి మైట్లు అనే బుల్లి పురుగులు. కళ్ల చుట్టూ, గడ్డం కింద గసగసాలంత నల్లచుక్కలు కదులుతుంటే అవి రక్తం పీల్చే మైట్లే. పాము నీళ్లగిన్నెలోనే అదేపనిగా పడుకుంటున్నా అనుమానించండి. దోమల మందు, కుక్కల మందు కొట్టొద్దు, పాముకే ప్రమాదం. మైట్లున్నా, పొట్టమీద ఎరుపు, బొబ్బలు, పక్కులు, గడ్డలు కనిపించినా సరీసృపాలను చూసే పశువుల డాక్టరు దగ్గరికే. గూటి వెచ్చదనానికి పెట్టే హీటింగ్ ప్యాడ్‌కు వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ లేకపోతే, దాని మీద పొట్ట కాలుతున్నా పాము పక్కకు జరగకపోవచ్చు, అరవనూ లేదు. మూగజీవిని తెచ్చుకున్నాక రోజూ ఓ నిమిషం దాని ఒంటిని చూడటం మన బాధ్యతే నాన్నా.

ఇక కుబుసం ఊడిన రోజున దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. రెండు కంటిపొరలూ ఉన్నాయా? తోక కొస దాకా వచ్చిందా? చూసి, చేతులు సబ్బుతో కడుక్కుని నాకు రాయండి.

మీ తాతయ్య