పిడుదు కాటు, జ్వరం, ఒంగోలు ఆవు

ఉదయగిరి కొండల కింద గానీ, కనిగిరి, పామూరు మెట్ట పల్లెల్లో గానీ గొడ్డును సాకిన ప్రతి ఇంటికీ పిడుదు తెలిసిందే. ఆవు పొదుగు సందున, తోక మొదట్లో, చెవి మడతలో తల దూర్చి అది రోజుల తరబడి కదలకుండా రక్తం తాగుతుంది. కడుపు నిండిన ఆడ పిడుదు ఆముదపు గింజంత అయి, బూడిద రంగుకు తిరిగి, తనంతట తానే నేల రాలి, గోడ పగుళ్లలోనో పేడకుప్ప అడుగునో రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఇంతగా ఎరిగిన ఈ ఎనిమిది కాళ్ల జీవి మనిషికి కూడా జ్వరం తేగలదన్న సంగతి మాత్రం మన పల్లెల్లోనే కాదు, మన ఆసుపత్రుల్లోనూ అరుదుగానే మాటకు వస్తుంది.

దానికి బదులు, పిడుదు కాటుతోనే వచ్చే లైమ్ వ్యాధి పేరు వినబడుతోంది. న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో పిల్లలున్న నెల్లూరు తల్లిదండ్రులు వేసవికి అక్కడికి వెళ్తే, ఇంటి వెనక గడ్డిలో తిరగవద్దనీ, తిరిగి వస్తే ఒళ్లంతా చూసుకోవాలనీ పిల్లలు హెచ్చరిస్తారు. ఆ ప్రాంతానికి అది సబబైన హెచ్చరికే. 1975 ప్రాంతంలో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే చిన్న ఊళ్లో పాలీ మర్రే అనే గృహిణి, తన ఇంట్లోనూ ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఎందరికో మోకాళ్లు వాచిపోవడం గమనించి, ఇది కాకతాళీయం కాదని వైద్యులకూ ఆరోగ్య శాఖకూ పట్టుబట్టి చెప్పింది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలన్ స్టీర్ బృందం పరిశోధించి 1977లో దాన్ని కొత్త రకం కీళ్లవాపుగా ప్రకటించింది. కారకం ఏమిటన్నది 1981 దాకా తేలలేదు; మోంటానాలోని ప్రయోగశాలలో విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల పేగులను కోసి చూస్తుండగా మెలికలు తిరిగిన బాక్టీరియా కంటబడింది. ఇప్పుడు దాన్ని ఆయన పేరుతోనే బొరీలియా బర్గ్‌డోర్ఫెరి అంటున్నారు.

ఆ బాక్టీరియా మనిషిని చేరే దారి తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిడుదు పిల్లలో అది ఉండదు. అడవి ఎలుకను కుట్టినప్పుడు ఒంటపడుతుంది. ఆ తరువాతి దశలో, రెండు మిల్లీమీటర్లకు మించని ఆ నల్లకాళ్ల పిడుదు మనిషిని పట్టుకున్నా నొప్పి తెలియదు, ఎందుకంటే దాని లాలాజలంలో చర్మాన్ని మొద్దుబార్చేవీ రక్తాన్ని గడ్డకట్టనివ్వనివీ ఉంటాయి. అయితే బాక్టీరియా అప్పటికి పిడుదు పేగులో నిద్రావస్థలో ఉంటుంది. వెచ్చని రక్తం లోపలికి దిగాకే అది పెరిగి, లాలాజల గ్రంథులకు పాకి, మన ఒంట్లోకి ప్రవేశిస్తుంది. దీనికి సాధారణంగా ఒక రోజుకు పైనే పడుతుంది. అందువల్ల సాయంత్రానికల్లా పిడుదును తీసేసినవారికి లైమ్ సోకే అవకాశం చాలా తక్కువ. సోకితే చాలామందిలో కాటు చుట్టూ ఎర్రటి మచ్చ రోజురోజుకీ వెడల్పవుతుంది, జ్వరం వస్తుంది. ఆ దశలో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలతో కుదురుతుంది.

మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల నుంచి, హిమాలయ ప్రాంతాల నుంచి అక్కడక్కడా లైమ్ కేసులు వైద్య పత్రికల కెక్కాయి. దాన్ని మోసే జాతి పిడుదులకు చల్లని, తేమ నిండిన అడవులు కావాలి. మే నెల ఎండకు నేల నెర్రెలిచ్చే మన మెట్టలు వాటికి పనికిరావు. ఎన్నడూ లైమ్ ఉన్న ప్రాంతాలకు వెళ్లని మనిషి, కీళ్లనొప్పులున్నాయని, ఎవరో పంపిన వీడియో చూసి లైమ్ రక్తపరీక్ష చేయించుకుంటే మేలుకన్నా తికమకే ఎక్కువ. లేని వ్యాధిని లేదని 100కి 95 సార్లు సరిగ్గా చెప్పగల పరీక్షను, ఆ వ్యాధి అసలే లేని 1000 మందికి చేశామనుకోండి. 50 మందికి ఉన్నట్టు చీటీ వస్తుంది. వ్యాధి లేని చోట పరీక్ష చెప్పే 'ఉంది'కి విలువ లేదు. ఈ లెక్క చదువుకున్నవాళ్లకే ఎక్కువ చెప్పవలసి వస్తోంది.

మన దగ్గర నిజంగా ఉన్నవి వేరు. మొదట చెప్పవలసింది స్క్రబ్ టైఫస్. దీన్ని తెచ్చేది పిడుదు కాదు, దాని దూరపు చుట్టమైన ఒక రకం నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్ అనే జీవి). పిల్ల దశలో, కంటికి దాదాపు ఆననంత చిన్నదిగా ఉన్నప్పుడు, గడ్డీ పొదలూ కలిసే గట్ల మీద మనుషులను కుడుతుంది. మనకు వానలు కురిసేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, పచ్చిక ఎదిగే ఆ రోజుల్లోనూ ఆపై చలిలోనూ ఈ జ్వరం మీద కన్నేసి ఉంచాలి. గడ్డి కోసేవారికి, కలుపు తీసే ఆడవారికి, జీవాలను మేపేవారికి ముప్పు ఎక్కువ. రెండోది ఇండియన్ టిక్ టైఫస్. దీన్ని కుక్కల ఒంటి మీద ఉండే గోధుమరంగు పిడుదు మోస్తుంది, అరచేతులకూ అరికాళ్లకూ కూడా దద్దుర్లు రావడం దీని గుర్తు. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో 1957లో కోతుల చావులతో బయటపడిన క్యాసనూర్ అడవి జ్వరం, గుజరాత్‌లో 2011లో కనబడిన క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం కూడా పిడుదులవే గానీ అవి వైరస్‌లు. యాంటీబయాటిక్‌లు వాటి మీద పనిచేయవు.

స్క్రబ్ టైఫస్‌ను పట్టిచ్చే ఆనవాలు ఒకటుంది. కుట్టిన చోట అర సెంటీమీటరో ఒక సెంటీమీటరో వెడల్పున నల్లటి పక్కు కడుతుంది, దాని చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అది చంకలోనో, గజ్జల్లోనో, చీరె కుచ్చిళ్లూ మొలతాడూ బిగిసే చోటో, చెవి వెనకో ఉంటుంది కాబట్టి రోగికే తెలియదు. తెలిసినా సిగ్గుపడి చెప్పదు. అందరిలోనూ ఆ పక్కు కనబడదు గానీ, కనబడితే రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగనక్కరలేదు. వెతికే డాక్టరుకు రెండు నిమిషాలు పడుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే డెంగీ అనీ, జ్వరం వారం దాటగానే టైఫాయిడ్ అనీ అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఈ జ్వరంలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఇదీ వారాలు సాగుతుంది. టైఫాయిడ్ అనుకుని మూడు రోజులు సెఫ్‌ట్రయాక్సోన్ సూదులు వేసినా ఇది తగ్గదు, ఎందుకంటే ఈ బాక్టీరియా మన కణాల లోపల దాగి ఉంటుంది, ఆ మందుకు లొంగే రకం కాదు. డాక్సీసైక్లిన్ వేస్తే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరికే చవక మందు అది. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి, ప్రాణాలు పోతాయి.

కాబట్టి జ్వరంతో వచ్చిన మనిషిని అడగవలసిన ప్రశ్న, ఇంట్లో గొడ్లున్నాయా, కుక్క ఉందా, ఎక్కడ తిరిగావు అన్నది. పశువుల డాక్టరుకు ఇది తెలుసు, మనుషుల డాక్టరుకు అడగడానికి తీరిక లేదు. ఇద్దరి ఆసుపత్రులూ ఒకే వీధిలో ఉన్నా ఒకరి రిజిస్టరు మరొకరు చూడరు. పిడుదుల శాస్త్రం మొదలైంది పశువుల దొడ్డిలోనే కావడం చూస్తే ఈ ఎడబాటు వింతగా తోస్తుంది. అమెరికా దక్షిణాది నుంచి తోలుకొచ్చిన మందలు తాము ఆరోగ్యంగా ఉంటూనే, అవి నడిచిన బీళ్లలో మేసిన ఉత్తరాది గొడ్లకు ఎర్ర మూత్రం జ్వరం తెచ్చి చంపేవి. దీనికి పిడుదులే కారణమని పశువుల కాపరులు అంటే నిపుణులు నవ్వారు. అమెరికా పరిశోధకులు థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్‌బోర్న్‌లు నవ్వలేదు. ఒక దొడ్డిలో దక్షిణాది పశువులను పిడుదులతో సహా ఉంచారు, మరో దొడ్డిలో వాటి ఒంటి మీది పిడుదులను ఒక్కొక్కటిగా చేత్తో ఏరేసి ఉంచారు, ఇంకోచోట పశువులు లేకుండా పిడుదులను మాత్రమే గడ్డిలో చల్లారు. పిడుదులున్న చోట్లనే ఉత్తరాది గొడ్లు జబ్బుపడ్డాయి. తల్లి పిడుదు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు పరాన్నజీవి సంక్రమిస్తుందని కూడా వారు 1893లో చూపారు. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూసింది దీనికి నాలుగేళ్ల తరువాత.

ఈ కథలో మన ఒంగోలు గిత్తకూ చోటుంది. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే బ్రెజిల్‌లో దాని సంతతిని నేటికీ నెలోరి అంటారు. ఐరోపా జాతులను ఎండా పిడుదులూ పీల్చి పిప్పిచేసే ఆ దేశంలో అది నిలదొక్కుకోవడానికి దాని చర్మమే ముఖ్య కారణం: పొట్టి నునుపు వెంట్రుకలు, ఈగ వాలితే జలదరించే తోలు, నాలుకతో ఒళ్లు నాకి శుభ్రం చేసుకునే అలవాటు, కాటు పడిన చోట త్వరగా స్పందించే రోగనిరోధక శక్తి. దాని ఒంటికెక్కిన పిడుదు పిల్లల్లో చాలావరకు పెద్దవి కాకముందే చస్తాయి. అదే దొడ్డిలో కట్టేసిన జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలకు ఆ రక్షణ తక్కువ, అందువల్ల పిడుదులు తెచ్చే థైలేరియా జ్వరంతో పాలు ఎండి, మెడ దగ్గర బిళ్లలు కట్టి అవే ముందు కూలబడతాయి. పాల లెక్కలు చూసుకుని సంకరాలను కొన్న రైతు పిడుదుల ఖర్చు కూడా ఆ లెక్కలోనే వేసుకోవాలి.

ఆ ఖర్చు ఏటా పెరిగేదే. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులకు పశువుల పిడుదులు మన దేశంలో చాలాచోట్ల తట్టుకుంటున్నాయి. కొలత తగ్గించి ఒకే మందును పదేపదే కొట్టడం దీనికి పెద్ద కారణం. పశువు ఒంటికి మందు పట్టించి చావిడి గోడలను వదిలేస్తే, పగుళ్లలోని గుడ్లు పొదిగి పిల్లలు మళ్లీ ఎక్కుతాయి. పగుళ్లు పూడ్చి, సున్నం కొట్టి, పేడను చావిడికి దూరంగా పోగుచేయాలి. పిచికారీ చేసేటప్పుడు చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ తప్పనిసరి.

మనిషి ఒంటికి పిడుదు పట్టుకుంటే కిరోసిన్ పోయడం, సున్నం రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ఉక్కిరిబిక్కిరైన పిడుదు లోపలిదంతా కక్కే ప్రమాదముంది. సన్నని చిమటాతో చర్మానికి ఆనించి నోటి దగ్గర పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి, చోటును సబ్బుతో కడగాలి, తీసిన దాన్ని గోళ్ల మధ్య చిదమకూడదు. ఆ తేదీ గుర్తుంచుకుని, నెల లోపు జ్వరం గానీ దద్దుర్లు గానీ వస్తే డాక్టరు అడగకపోయినా ఆ మాటే ముందు చెప్పాలి.