పాట మీద రాజద్రోహం కేసు: టాస్మాక్ గొడవలో అసలు మలుపు

తమిళనాడులో మద్యం అమ్మే సర్కారు సంస్థ టాస్మాక్ మాట వచ్చినప్పుడల్లా జానపద గాయకుడు కోవన్ పాట కూడా వెంట వస్తుంది. 2025 మార్చిలో కేంద్ర దర్యాప్తు సంస్థ ఈడీ అక్కడ సోదాలు చేసి వెయ్యి కోట్ల అక్రమాలని ఆరోపించింది. మే 22న ఆ దర్యాప్తును సుప్రీంకోర్టు ఆపేసింది. దాంతో పదేళ్ల కిందటి గొడవ మళ్లీ గుర్తుకొచ్చింది.

2003లో మద్యం చిల్లర అమ్మకాలు సర్కారు చేతికి వెళ్లిన సంగతి చెన్నైలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నా లెక్కలో అసలు మలుపు 2015 అక్టోబర్ 30.

అదే ఏడాది జూలై 31న కన్యాకుమారి జిల్లాలో మద్యం దుకాణం ఎత్తేయాలంటూ సెల్ టవర్ ఎక్కిన గాంధేయవాది శశి పెరుమాళ్ చనిపోయారు. ఆ వేడిలోనే మక్కళ్ కలై ఇలక్కియ కళగం అనే సాంస్కృతిక బృందం గాయకుడు కోవన్ పాటలు జనంలోకి వెళ్లాయి. ‘మూడు టాస్మాక్కై మూడు’ ఒకటి. ఇక్కడ మూడు అంటే మన అంకె కాదు, మూసెయ్ అని. ‘ఊరుకు ఊరు సారాయం’కైతే మనవాళ్లకు అనువాదమే అక్కర్లేదు. ఊళ్లు తూలుతుంటే పోయెస్ గార్డెన్‌లో కులాసా అని ఆ పాట నేరుగా అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ఇంటి వైపే వేలు చూపింది.

అక్టోబర్ 30న తెల్లవారకముందే చెన్నై సైబర్ క్రైమ్ పోలీసులు తిరుచ్చి వెళ్లి కోవన్‌ను పట్టుకొచ్చారు. పెట్టిన సెక్షన్లలో 124ఏ, అంటే రాజద్రోహం, ఉంది. పాట ముఖ్యమంత్రిని కించపరిచింది, జనాన్ని రెచ్చగొట్టింది అన్నది పోలీసుల వాదన. హింసకు ఉసిగొల్పనిదే సర్కారును తిట్టడం రాజద్రోహం కాదని 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దుకాణం మూయమనడంలో హింస ఎక్కడుందో మరి. రెండు వారాలు దాటాక బెయిల్ వచ్చింది. ఈలోగా, ఆ పాటలు ఎన్నడూ విననివాళ్లు కూడా వెతుక్కుని విన్నారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా పోరు ఎలా పాకిందో తెలిసినవాళ్లకు ఈ కోపం కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ ఆడవాళ్లు సారా కాంట్రాక్టర్లను తరిమారు. తమిళనాడులో కౌంటర్ వెనకున్నది సర్కారే. అమ్మేవాణ్ణి తిడితే అది రాజ్యాన్ని తిట్టినట్టయింది. ఈ కేసు మొత్తానికి కీలకం అదే అనిపిస్తుంది.

కోవన్ ఆగలేదు. 2018 ఏప్రిల్‌లో రథయాత్ర మీద, ప్రధాని మోదీ మీద పాడిన పాటకు మళ్లీ అరెస్టయ్యారు. 124ఏ అమలును 2022 మే 11న సుప్రీంకోర్టు నిలిపి ఉంచింది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో దాని చోటులోకి 152 వచ్చింది.

ఇక దుకాణాల సంగతి. 2015లో ఆ అరెస్టును ఖండించిన డీఎంకే 2016 మేనిఫెస్టోలో మద్యనిషేధం హామీ ఇచ్చింది. ఆ ఎన్నికల్లో గెలిచిన జయలలిత 500 దుకాణాలు మూయించారు. 2021లో అధికారంలోకి వచ్చిన డీఎంకే కూడా 2023 జూన్‌లో మూసింది 500 దుకాణాలే.