పటం ముందు వచ్చిందా, పత్రాలు ముందు వచ్చాయా? అక్సాయ్ చిన్ వెనుక సర్వేపల్లి గోపాల్

2023లో అక్సాయ్ చిన్‌ను తనదిగా చూపిన చైనా పటంపై గొడవ. 2024 డిసెంబరులో చైనాలోని హోటన్ ప్రాంతంలో రెండు కొత్త కౌంటీలు (జిల్లా స్థాయి పాలనా విభాగాలు). లడఖ్ భూమి కూడా వాటిలో కలిసిందంటూ భారత్ నిరసన. లడఖ్‌లో భాగమని భారత్ అనే, చైనా అధీనంలో ఉన్న అక్సాయ్ చిన్ ఇలా వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఒక చరిత్రకారుడు కట్టిన పాత ఫైలు దుమ్ము దులపక తప్పదు.

రాధాకృష్ణన్ కుమారుడిగా, నెహ్రూ జీవిత చరిత్రను మూడు సంపుటాల్లో రాసిన పండితుడిగా సర్వేపల్లి గోపాల్ మనకు తెలిసినవారే. ఆక్స్‌ఫర్డ్, జెఎన్‌యూ కొలువుల సంగతి అలా ఉంచుదాం. అసలు మలుపు 1959లో ఉంది. విదేశాంగ శాఖ చరిత్ర విభాగం డైరెక్టరుగా ఆయన సరిహద్దు పత్రాలు వెదకడానికి లండన్ వెళ్లారు. తూర్పు సరిహద్దైన మెక్‌మహాన్ రేఖ గురించి ఉన్నంత ధీమా అక్సాయ్ చిన్ విషయంలో నెహ్రూకు అప్పటికి లేదు. పార్లమెంటులో ఆయన మాటల్లోనే ఆ తడబాటు వినిపిస్తుంది. నవంబరుకల్లా గోపాల్ అంచనా తేలింది: చైనా వాదన కంటే మన వాదనే బలమైనది.

1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చారు. తూర్పున మీది, పశ్చిమాన మాది అన్న సర్దుబాటును సూచించారు. కుదరలేదు. తర్వాత బీజింగ్, ఢిల్లీ, రంగూన్‌లలో అధికారులు పత్రాలు ముందేసుకుని నెలల తరబడి వాదించుకున్నారు. భారత బృందంలో గోపాల్ ఉన్నారు. 1917లో చైనా ప్రభుత్వమే అచ్చు వేసిన తపాలా అట్లాసు లాంటివి మన వైపు సాక్ష్యాలు.

విమర్శకుల లెక్క వేరు. 1899లో బ్రిటిష్‌వారు చైనాకు పంపిన ప్రతిపాదనలో అక్సాయ్ చిన్‌లో చాలా భాగం చైనా వైపే పడింది. చైనా జవాబివ్వలేదు కాబట్టి అది చెల్లదని మనవాళ్లు అంటారు. అది ఒప్పందం కాలేదన్నది నిజమే. కానీ తిరుగులేని హక్కు ఉందనుకున్నవారు అలాంటి గీత ఎందుకు గీశారన్న ప్రశ్న మిగులుతుంది. 1950 నాటి మన సర్వే పటంలోనూ ఆ వైపు సరిహద్దు ‘అనిర్ణీతం’ అనే ఉంది. 1954 జులైలో నెహ్రూ పాత పటాలు ఉపసంహరించమన్నారు. కొత్తవాటిలో స్థిరమైన సరిహద్దు చూపాలన్నారు, దానిపై ఎవరితోనూ చర్చ ఉండదన్నారు. లండన్ ప్రయాణానికి ఇది అయిదేళ్లు ముందు.

గోపాల్ చరిత్ర విభాగంలో చేరింది కూడా ఆ 1954లోనే.